పాత కొయ్య - పసివారి పీట



మన యిండ్లలో ఎవరి వస్తువులు వారికి కలవు. తాతగారికి పడక కుర్చీ కలదు. ఇంటి యజమానికి మంచము కలదు. ఇల్లాలికి ముక్కాలిపీట, కత్తిపీట కలవు. చుట్టము వచ్చినచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేయుదుము. కాని ఇంటిల్లిపాదియు ముద్దుగా చూచుకొను పసిబిడ్డకు తన కొలతకు తగిన ఆసనమేదని వెదకినచో, చాల యిండ్లలో అది కానరాదు. పెద్దల కుర్చీలో కూర్చుండబెట్టినచో బిడ్డ కాళ్లు గాలిలో వ్రేలాడును. మంచముపై బోర్లపడి వ్రాసినచో మెడ నొచ్చును. నేలపై పుస్తకము పరచి వంగినచో ముక్కు పుటకు తగులును.

ఈ లోపమును తీర్చుటకు అంగడికి పోనక్కరలేదు. అటకమీదను, పెరటిలోను మూలబడియున్న పాత తలుపులు, విరిగిన మంచములు, పండ్ల పెట్టెలు, అట్టపెట్టెలు, చిరిగిన చీరలు చాలును. వానితో పిల్లలకు పీటలు, వ్రాతబల్లలు ఎట్లు చేసికొనవచ్చునో, చేయునపుడు ఏయే అపాయములను తప్పించుకొనవలెనో నేడు మీకు మనవి చేయుచున్నాము.

చిన్నవారికి చిన్న వస్తువులు

పిల్లలు వాడు వస్తువులు పిల్లల కొలతకే ఉండవలెనను మాట నేడు పుట్టినది కాదు. 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఇటలీ దేశమందలి రోము నగరములో, శాన్ లొరెంజో అను పేదల పేటయందు, డాక్టరు మరియా మాంటిస్సోరి ఒక శిశుగృహమును తెరచిరి. బిడ్డను కదలనీయని బరువైన బెంచీలకు బదులు, పిల్లలు తామే ఎత్తి జరుపుకొనగల తేలికైన చిన్న బల్లలు, కుర్చీలు ఉండవలెనని ఆమె చెప్పిరి. ఆమె 1939లో మన పొరుగుననే యున్న మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. రెండవ ప్రపంచ యుద్ధము కారణముగా 1946 వరకు ఆమె మన దేశముననే ఉండిపోవలసి వచ్చెను.

గుజరాతులోని భావనగరమున గిజూభాయి బధేకా 1920లో బాలమందిరమును స్థాపించిరి. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమునకు వచ్చి, అనూతాయి వాఘ్ సహాయముతో పేదల బిడ్డలకు బాలవాడిని నడపిరి. పట్టణపు ఖరీదైన సామగ్రి పల్లెకు అందదు కనుక, ఆ యూరిలో దొరకు వస్తువులతోనే బోధన సాగవలెనని వారి పట్టుదల. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము ప్రారంభమై, అంగన్‌వాడీ అను మాట మన యూళ్లకు వచ్చినది. ఆ మాట వెనుక ఇటువంటివారి శ్రమ యున్నది.

మన పల్లెలకును ఈ తెలివి క్రొత్త కాదు. నడక నేర్చు బిడ్డకు మూడు చక్రముల కొయ్యబండిని మన వడ్రంగులు చేసియిచ్చుచుండెడివారు. అది పిల్లవాని చేతికి అందు ఎత్తునను, పిల్లవాడు త్రోయగల బరువునను ఉండెడిది. కొలత బిడ్డదే, కొయ్య మాత్రము పెద్ద పనిలో మిగిలిన ముక్క. నేడు మేము చెప్పదలచినదియు అంతమాత్రమే.

బడిలో బల్ల వచ్చినది, ఇంటిలో?

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌నందు ప్రారంభమైన 'మన బడి నాడు-నేడు' పథకమునందును, 2022 మార్చిలో తెలంగాణమునందు ప్రారంభమైన 'మన ఊరు-మన బడి' పథకమునందును పాఠశాలలకు సమకూర్చవలసిన సౌకర్యములలో బల్లలు, ఇతర ఫర్నిచరు కూడ చేరియున్నవి. కాని బడి విడిచిన పిమ్మట బిడ్డ చదువుకొనునది ఇంటిలో. అచట పుస్తకము పెట్టుకొనుటకు జానెడు చోటు లేనిచో, సాయంకాలపు చదువు టి.వి. యెదుటనో, మంచముమీదనో ముగిసిపోవును.

మరియొక వంక పాత పెంకుటిల్లు తీసి డాబా కట్టుకొనువారు టేకు తలుపులను, వేప కిటికీ రెక్కలను, నులక మంచములను పాతసామాను వానికి తూచి అమ్ముచున్నారు. దశాబ్దములపాటు ఎండి స్థిరపడిన కొయ్య అది. క్రొత్త కొయ్య వలె వంకర తిరుగదు. అట్టి కొయ్య ఒకవైపు పోవుచుండ, బిడ్డ నేలపై వంగి వ్రాయుచున్నాడు. ఈ రెంటిని కలుపుటయే మనము చేయవలసిన పని.

మొదట బిడ్డను కొలువుడు

పని ప్రారంభించువారు మొదట చేయు పొరపాటు, చేతనున్న కొయ్య ఎంత పొడవున్నదో అంత పీట చేయుట. మొదట కొలువవలసినది బిడ్డను. బిడ్డను కూర్చుండబెట్టి, పాదము పూర్తిగా నేలకు ఆనించి, మడమ నుండి మోకాటి వెనుకనున్న మడత వరకు టేపుతో కొలువుడు. అదియే పీట ఎత్తు. పెద్దల కుర్చీ ఎత్తు సుమారు 17 అంగుళములుండును. ఐరోపా దేశములలో బడి కుర్చీలకు ఏర్పరచిన ప్రమాణముల ప్రకారము 93 నుండి 116 సెంటీమీటర్ల ఎత్తుగల బిడ్డకు కుర్చీ 26 సెంటీమీటర్లు, అనగా సుమారు 10 అంగుళములు మాత్రమే ఉండవలెను. ఆ బిడ్డ ముందు వేయు బల్ల ఎత్తు 46 సెంటీమీటర్లు. 119 నుండి 142 సెంటీమీటర్ల ఎత్తుగల బిడ్డకు కుర్చీ 35, బల్ల 59 సెంటీమీటర్లు. ఈ అంకెలు దారి చూపుటకే. మీ బిడ్డ కాలి కొలతయే మీకు ప్రమాణము.

నేలపై చాప వేసికొని బాసిపట్లు వేసి కూర్చుండుట మన యలవాటు. అది మంచి యలవాటే. అట్లు కూర్చున్న బిడ్డకు వ్రాతబల్ల చేయునపుడు రెండు కొలతలు తీసికొనవలెను. మోచేయి నేల నుండి ఎంత ఎత్తున నున్నదో చూడవలెను. బల్ల ముందు అంచు దానికి సమముగానో, ఒకటి రెండు వ్రేళ్లు ఎక్కువగనో ఉండవచ్చును, అంతకు మించరాదు. తరువాత రెండు మోకాళ్ల కొనల మధ్య దూరమును కొలిచి, దానికి నాలుగు అంగుళములు కలుపవలెను. అది బల్ల పొడవు. అప్పుడే మోకాళ్లు బల్ల క్రిందికి సుఖముగా పోవును.

విరిగిన మంచముతో పీట

నులక మంచమునకు నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు ఉండును. సాధారణముగా చెడునది పట్టెల కొనలు, కోళ్ల బెజ్జములు. మిగిలిన కొయ్య గట్టిగానే యుండును. కోటిని అడుగు నుండి బిడ్డ కొలతకు కోసి, పట్టెను అడుగు పొడవు ముక్కలుగా చేసి, క్రొత్త బెజ్జములు తొలిపించి బిగించినచో చిన్న పీట చట్రము సిద్ధమగును. పాత చీరలను నాలుగంగుళముల వెడల్పున చింపి, పురి పెట్టి త్రాళ్లు చేసి, మంచము అల్లినట్లే దానిని అల్లుకొనవచ్చును. నులక వలె అది బిడ్డ తొడలకు గీసికొనదు. మాసినపుడు విప్పి ఉతుకుకొనవచ్చును.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపై కదలక నిలుచును. కాని బరువు ఒక అంచున పడినచో పడిపోవును. కావున పసివారికి నాలుగు కాళ్ల పీటయే మేలు. కాళ్ల మధ్య ఎడము పైనున్న ఆసనమునకు తగ్గరాదు. చేసిన పిదప పీట నాలుగు మూలలను ఒక్కొక్కదానిని అరచేతితో గట్టిగా నొక్కి చూడుడు. ఏ మూల నొక్కినను పీట లేవనిచో, అది బిడ్డకు ఈయదగినది.

పాత తలుపుతో వ్రాతబల్ల

వెనుకటి కరణములు నేలపై కూర్చుండి ఏటవాలు వ్రాతబల్లపై లెక్కలు వ్రాసెడివారు. ఆ పద్ధతియే బిడ్డకును తగినది. తలుపు చెక్కను కొలత ప్రకారము కోసి, ఇరుప్రక్కల రెండు పలకలను నిలువుగా బిగింపవలెను. ఆ పలకల వెనుక భాగము ముందు భాగముకంటె రెండంగుళములు ఎత్తుగా ఉన్నచో పైచెక్క వాలుగా నిలుచును. పుస్తకము జారకుండ క్రింది అంచున సన్నని బద్దను కొట్టవలెను. బిడ్డ కన్నునకును పుస్తకమునకును మధ్య, బిడ్డ మోచేతి నుండి పిడికిలి వరకు ఎంత దూరమో అంత దూరమైన ఉండవలెను. వాలుబల్ల ముందు కూర్చున్న బిడ్డకు ఆ దూరము పాటించుట సులభము. బల్లను కిటికీ దగ్గర వేయుడు. కుడిచేతితో వ్రాయు బిడ్డకు వెలుతురు ఎడమ నుండియు, ఎడమచేతి వాటము బిడ్డకు కుడి నుండియు వచ్చినచో చేతి నీడ అక్షరములపై పడదు.

పాత కొయ్యను కోయుటకు ముందు మేకులన్నిటిని పీకివేయవలెను. లోపల దాగిన మేకు రంపపు పండ్లను విరుచును, చిత్రిక అలుగును చెరచును. బాగుగా ఎండిన కొయ్యలో తిన్నగా మేకు కొట్టినచో అది పగులును. బర్మాతో ముందు సన్నని రంధ్రము చేసి మరమేకులు బిగించుట మంచిది. కొయ్యకు చిన్న చిన్న రంధ్రములుండి, వాని నుండి క్రొత్తగా పొడి రాలుచున్నచో అందు పురుగు బ్రతికియున్నదని గ్రహించి ఆ ముక్కను తీసివేయుడు. తాటి దూలము బలమైనదే గాని, దాని నార ముల్లువలె చేతిలో విరుగును. దానిని పిల్లల ఆసనమునకు వాడవద్దు.

పండ్ల పెట్టెలు, అట్టపెట్టెలు

పండ్లు వచ్చు కొయ్యపెట్టెల చెక్క పలుచనిది. కూర్చుండుటకు పనికిరాదు గాని, రెండు పెట్టెలను ప్రక్కవాటుగా పేర్చి బిగించినచో బిడ్డ పుస్తకములకు చిన్న అలమర యగును. పెట్టెల అంచులనున్న తీగలను, పిన్నులను ముందుగా తీసివేయవలెను. అలమర ఎంత చిన్నదైనను గోడకు బిగింపకుండ విడువరాదు. పిల్లలు దానిని మెట్లవలె ఎక్కుదురు. అది వారిపై పడును.

అట్టపెట్టెను చులకనగా చూడవద్దు. మహారాష్ట్రలో ఆరంభ్ అను స్వచ్ఛంద సంస్థ పారవేసిన అట్టపెట్టెలను కత్తిరించి, మడచి, దారిలో సంచిగాను, బడిలో వ్రాతబల్లగాను ఉపయోగపడు సాధనమును పిల్లలకు ఇచ్చెను. జింబాబ్వే దేశములో బెవిల్ ప్యాకర్ అను ఉపాధ్యాయుడు పాత కాగితములను, అట్టలను పిండి జిగురుతో పొరలు పొరలుగా అంటించి గట్టి ఫర్నిచరు చేయు పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతిలో, తనంత తాను నిటారుగా కూర్చుండలేని వికలాంగ శిశువులకు వారి వారి శరీరపు కొలతలకు తగిన కుర్చీలను అనేక దేశములలో చేయుచున్నారు. మన మండలములలోని భవిత కేంద్రములకు వెళ్లు తల్లిదండ్రులు, అచటి ఫిజియోథెరపిస్టును అడిగి కొలతలు తెలిసికొని, ఇట్టి కుర్చీ చేయ ప్రయత్నింపవచ్చును. వైద్య సలహా లేకుండ చేయరాదు. అట్టవస్తువునకు తడి, చెద శత్రువులు. పురుగు పట్టకుండ జిగురులో మైలుతుత్తము కలుపువారు కలరు. అది విషము. పిల్లలు అంచులు నోటబెట్టుకొందురు కనుక దానిని కలుపనే కూడదు.

కొయ్య పూర్వచరిత్రను అడుగుడు

సంబంధము కలుపుకొనునపుడు పూర్వాపరములు విచారించెదము గదా! పాత వస్తువును బిడ్డ దరికి చేర్చునపుడును అట్లే విచారింపవలెను.

అన్నిటికంటె మొదటిది పాత రంగు. వెనుకటి నూనె రంగులలో సీసము కలిపెడివారు. సీసము బిడ్డల మెదడు ఎదుగుదలకు చేటు చేయును. ఇంత మోతాదు వరకు అపాయము లేదని చెప్పదగిన హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశములో ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నిబంధన 2016లో ప్రకటింపబడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కావున అంతకు పూర్వము రంగు వేసిన తలుపును అనుమానముతోనే చూడవలెను. రంగు లేని కొయ్య దొరకినచో దానినే ఎన్నుకొనుడు. రంగు వేసినదానిని పొడిగా గీకవద్దు, కాల్చవద్దు. ఆ ధూళి, ఆ పొగ అన్నముమీదను, బిడ్డ చేతులమీదను పడును. తప్పనిసరియైనచో ఇంటికి దూరముగా, తడిపి, క్రింద పట్ట పరచి, ముక్కునకు మాస్కు కట్టుకొని గీకి, రాలిన పొరలను మూటకట్టి తీసివేయవలెను. పిల్లలను, గర్భిణీ స్త్రీలను దగ్గరకు రానీయరాదు.

రెండవది మందుల వాసన. పురుగుమందు డబ్బాలు, డ్రమ్ములు ఎంత కడిగినను పిల్లల వస్తువులకు తగవు. సరుకుల క్రింద పరచు కొయ్య చట్రములను ప్యాలెట్లందురు. విదేశముల నుండి వచ్చువానిపై ముద్ర యుండును. ఆ ముద్రలో హెచ్.టి. అను అక్షరములున్నచో ఆ కొయ్యను 56 డిగ్రీల వేడిమిలో అరగంట ఉంచి పురుగును చంపిరని అర్థము. ఎమ్.బి. అని యున్నచో మిథైల్ బ్రోమైడ్ అను విషవాయువు పట్టించిరని అర్థము. రెండవదానిని ముట్టవద్దు. ఇంటి కప్పునుండి దిగిన ఆస్బెస్టాసు సిమెంటు రేకులను ఏ పనికిని కోయవద్దు. వాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము.

మూడవది ఊపిరాడని చోట్లు. మూతగల భోషాణమును, పాత ఫ్రిజ్‌ను బొమ్మల పెట్టెగా చేయదలచినవారు మూతను, తలుపును ఊడదీయవలెను. దాగుడుమూతలాడు బిడ్డ లోనికి పోయి బయటకు రాలేని స్థితి కలుగును. ఉయ్యాల తొట్టి చువ్వల మధ్య ఎడము 6 సెంటీమీటర్లకు మించినచో బిడ్డ శరీరము జారి తల చిక్కుకొనును. చీరతో కట్టిన ఉయ్యాల చంటిబిడ్డ నిద్రకు మన యింటి సంప్రదాయమే. కాని ఆడుకొనుచున్న పెద్దపిల్లల మెడకు ఆ చీర బిగిసి ప్రాణములు పోయిన వార్తలు పత్రికలలో చదువుచున్నాము. బిడ్డ లేచిన వెంటనే ఉయ్యాల చీరను విప్పి మడచుట ప్రతి యింట నియమము కావలెను.

నాలుగవది నీరు. పాత టైరుతో ఆసనము చేయువారు దాని అడుగున రంధ్రములు వేయవలెను. అందు నిలిచిన వాననీటిలోనే డెంగీ దోమ పెరుగును.

నునుపు, మెరుగు

కోసిన ప్రతి అంచును గుండ్రముగా చేసి, ఉప్పుకాగితముతో రుద్ది, చివరకు పాత నూలుగుడ్డతో తుడిచి చూడుడు. గుడ్డ పోగు ఎక్కడ తగులుకొన్నదో అక్కడ బిడ్డ వ్రేలు గీసికొనునని తెలిసికొనుడు. పై మెరుగునకు అవిసె నూనె చాలును. నూనె పూసిన గుడ్డను ముద్దచేసి మూలన పడవేయరాదు. తనంత తాను వేడెక్కి అంటుకొను స్వభావము దానికి కలదు. విప్పి ఆరవేయవలెను. రంగు వేయదలచినవారు సీసము లేని రంగని డబ్బాపై వ్రాసినదానినే కొనుడు. ఏటికొప్పాక బొమ్మలను చూడుడు. అంకుడు కర్రపై లక్కతో, ప్రకృతి సిద్ధమైన రంగులతో మెరుగు పెట్టుదురు. బిడ్డ నోటబెట్టుకొను వస్తువునకు ఏ రంగు తగునో మన చేతివృత్తులవారికి తెలిసిన విషయమే.

ఈ పని ఒక యింటివారే చేయనక్కరలేదు. వడ్రంగికి ఒకపూట కూలి యిచ్చి నాలుగిండ్ల పాత కొయ్యను ఒకచోట చేర్చినచో, నాలుగిండ్ల పిల్లలకు పీటలు వచ్చును. మహిళా సంఘములు చీరల అల్లిక పనిని చేపట్టవచ్చును. ఉప్పుకాగితముతో రుద్దుట, త్రాళ్లు పురిపెట్టుట వంటి పనులలో పిల్లలను చేర్చుకొనుడు. తాను చేయివేసిన పీటను బిడ్డ జాగ్రత్తగా చూచుకొనును.

కడపట ఒక్క మాట. బల్ల ఒకటే చేసిన యిండ్లలో అది మగపిల్లవాని ముందునకు పోయి, ఆడపిల్ల వంటింటి గడప దగ్గర ఒడిలో పుస్తకము పెట్టుకొని చదువుట కలదు. ఆరడుగుల తలుపు రెక్కను రెండడుగుల చొప్పున కోసినచో మూడు బల్లలకు పైచెక్కలు వచ్చును. కావున కొయ్య చాలలేదని చెప్ప వీలులేదు. ఈ ఆదివారము అటకమీదనున్న తలుపును దింపి, రంగు చూచి, మేకులు పీకుడు. కొలత తీయునపుడు కొడుకు మోచేతిని, కూతురి మోచేతిని, ఇద్దరివియు కొలువుడు.